కంపెనీలో రచ్చబండ

రచ్చబండకడ ఊరివారు ఒకరి మాట నొకరు వినుట మీ రెరుగుదురు. అందరికిని కూర్చుండ సమానముగా చోటు దొరకినదని నే ననను. కాని మాట మాత్రము చెవిని పడెడిది. వేలకొలది జనము పనిచేయు కంపెనీలో నది యెట్లు?

అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థకు 2003 నాటికి 3 లక్షలకు పైగా ఉద్యోగులు దేశదేశముల నుండిరి. ఆ యేటి జూలైలో సంస్థాధిపతి శామ్యూల్ పామిసానో, తమ సంస్థ ధర్మము లేవియో ఉద్యోగులే చెప్పవలెనని, వారికి మాత్రమే ప్రవేశముగల కంప్యూటరు సభను 72 గంటలు నడిపించెను. గుమాస్తా వ్రాసినది అధికారి చదువును. అధికారి వ్రాతకు గుమాస్తా బదులు వ్రాయును. సుమారు 50,000 మంది దానిని కనిపెట్టి చూచిరి. నిష్ఠూరములు విస్తారముగా కురిసినవి. పై యధికారి యొకడు సభ నాపివేయుద మనెను. పామిసానో సమ్మతింపలేదు. ఆ యంత్రముకన్న ఈ యోర్పే నాకు వింతగా తోచినది.

ఆ వ్రాతలను కాగితములపై నెక్కించగా మూడడుగుల యెత్తాయెను. ఆయన వాని నింటికి గొనిపోయి చదివి, సోమవారమున తన ముఖ్యాధికారులను గూడ ప్రతి మాటయు చదువుడనెను. పిమ్మట క్రిందిస్థాయి మేనేజర్లకు, ఏటికి 5,000 డాలర్ల వరకు ఎవరి నడుగకయే వ్యయపరచు నధికార మీయబడెను.