నేల కింద కేబుల్‌కి గాలి కొట్టిన కాలం

సిద్దిపేట నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. ఇయ్యాల చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. వాన పడితే ల్యాండ్‌లైన్‌లో గరగర ఎందుకొచ్చేది? ఇంట్లో పెద్దోళ్లని అడగండి, ఆ గరగర అందరికీ గుర్తుంటది.

పాత టెలిఫోన్ కేబుల్ లోపల వందల జతల రాగి తీగలు. ఒక్కో తీగకి చుట్టింది ఏంటో తెలుసా? కాగితం! ఆ మొత్తం కట్ట మీద సీసపు తొడుగు. పొడి కాగితం మంచి ఇన్సులేటర్. తడిసిందా, ఖతం. కరెంటు పక్క తీగలోకి పాకుతది, ఎవరి మాటలో ఎవరికో వినిపిస్తయి, చివరికి లైన్ డెడ్. సీసానికి సూది మొనంత పగులు పడితే చాలు, నీళ్లు కాగితం వెంట పాక్కుంటూ మీటర్ల కొద్దీ పోతయి.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం వింటే నవ్వొస్తది: కేబుల్‌కి గాలి కొట్టడం. ఎక్స్ఛేంజ్‌లో కంప్రెసర్ పెట్టి, గాలిలో తేమ తీసేసి, ఆ పొడి గాలిని కేబుల్‌లోకి ఎక్కించేవాళ్లు. తేమ పీల్చడానికి సిలికా జెల్ వాడేవాళ్లు, మన షూ డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లాల్లో ఉండేదే. ప్రెషర్ సుమారు 10 పీఎస్ఐ, అంటే కారు టైర్‌లో ఉండేదాంట్లో మూడో వంతు. ఇప్పుడు పగులు పడ్డా గాలే బయటికి తోసుకొస్తది, నీళ్లు లోపలికి రాలేవు.

దీంట్లో ఇంకో లాభం ఉంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ పడిపోకముందే అలర్ట్ రావాలని తిప్పలు పడేటోళ్లం. ఇక్కడ గాలే అలర్ట్! ప్రెషర్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. దారి పొడుగునా రీడింగ్ తీసి గ్రాఫ్ గీస్తే, ఎక్కడ బాగా తక్కువుందో లీక్ అక్కడికి దగ్గర్లనే. తర్వాత మ్యాన్‌హోల్‌లోకి దిగి సబ్బు నీళ్లు పూసేవాళ్లు. అచ్చం మన పంక్చర్ షాపు లెక్కనే, బుడగలొచ్చిన చోటే చిల్లు.

ఎక్స్ఛేంజ్ నుంచి లైన్‌కి వచ్చేది మైనస్ 48 వోల్టులు. మైనస్ ఎందుకు? ప్లస్ వైపుని భూమికి కలిపితే, తడి తగిలినా రాగి తీగ తొందరగా తినిపోదు. ఆ గుర్తు వెనక కూడా తేమతో కొట్లాటే ఉంది.

అయితే ఊరూరికీ, వీధివీధికీ గాలి కొట్టలేం కదా. అందుకే జెల్లీ కేబుల్ వచ్చింది. కాగితం పోయి ప్లాస్టిక్ వచ్చింది, తీగల సందుల్లో పెట్రోలియం జెల్లీ నిండింది. నీళ్లకి పాకే దారే లేదు. మన దేశంలో ఇట్లాంటి కేబుళ్లు చేసిన హిందుస్థాన్ కేబుల్స్ 1952లో పుట్టింది, హైదరాబాద్‌లోనూ దానికి ఫ్యాక్టరీ ఉండేది. 2016లో మూసివేతకి కేంద్రం ఒప్పుకుంది.

అదే 2016 ఆగస్టు 7న మన గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. ఆ నీళ్ల పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ కోసం డక్టులు కూడా వేసిన్రు. నీళ్లూ, ఇంటర్నెట్టూ ఒకే కందకంలో! ఫైబర్‌లో కరెంటు ఉండదు కాబట్టి నీళ్లతో షార్ట్ కాదు. కానీ ఏళ్ల తరబడి తడి తగిలితే గాజులోని సన్న పగుళ్లు పెరుగుతయి. అందుకే అందులోనూ జెల్, తడిస్తే ఉబ్బే టేపు పెడతరు. చిన్నపిల్లల డైపర్‌లో పనిచేసేది కూడా ఆ సూత్రమే.

మారనిది ఒకటుంది: జాయింట్. కేబుల్ ఎంత మంచిదైనా, జాయింట్ సరిగ్గా మూయకపోతే నీళ్లు అక్కడ్నుంచే వస్తయి. అది చేతి పని, మాన్యువల్ చదివితే రాదు. 2020 జనవరి 31న ఒక్కరోజే బీఎస్ఎన్ఎల్‌లో దాదాపు 78 వేల మంది వీఆర్ఎస్‌తో బయటికొచ్చిన్రు. వాళ్లతో పాటు ఎంత అనుభవం ఇంటికి పోయిందో ఆలోచించండి.

మీ ఇంట్లోనో, గల్లీలోనో పాత లైన్‌మెన్ ఉంటే, ఈ ఆదివారం పోయి కూర్చోండి. వానాకాలం జాయింట్ ఎట్ల కట్టేవాళ్లో అడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఆ వీడియో ఇంటర్నెట్‌లో ఎక్కడా దొరకకపోవచ్చు, మీ దగ్గర తప్ప. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!