ఖిదిరిపూరున పుట్టిన పొగయోడ

ఉద్యోగకార్యములపై ఖరగ్‌పూరునుండి గార్డెన్ రీచికి పోయివచ్చు మనవారు ఖిదిరిపూరు ప్రక్కగా ఎన్నిమారులు సాగిపోయిరో లెక్కలేదు. ఆ ఖిదిరిపూరుననే 1823వ సంవత్సరము జూలై 12వ తేదీన ఒక చిన్న పొగయోడ జలప్రవేశము చేసినది. దాని పేరు 'డయానా'. మరుసటి ఏటనే అది యుద్ధమునకు పోయెను. ఆవిరిశక్తితో నడచి యుద్ధమున పాల్గొన్న తొలినౌకలలో అది యొకటి.

దాని యంత్రములు ఇంగ్లాండున మాడ్‌స్లేవారి కర్మాగారమున తయారైనవి. చీనాదేశమందలి కాంటను రేవునకై ఉద్దేశింపబడి, అచట అక్కఱకురాక కలకత్తా చేరినవి. జేమ్స్ కిడ్ అను నౌకానిర్మాత వానికి తగిన కొయ్యయోడను కట్టించి, ఇరుప్రక్కల తెడ్లచక్రము లమర్చెను. రెండు యంత్రములు, ఒక్కొక్కటి పదునారు గుఱ్ఱముల బలము! మన లోకోషెడ్డువారు ఈ సంఖ్య విని నవ్వుకొందురేమో.

1824లో కుంపిణీవారికిని బర్మారాజునకును యుద్ధము సంభవించినది. నాటి యుద్ధనౌకలన్నియు గాలిపై ఆధారపడినవే. స్లూపు తరగతికి చెందిన 'లార్న్' ఓడకు నాయకుడైన మ్యారియట్, పిమ్మట నవలాకారుడుగా ప్రసిద్ధికెక్కినవాడు, 'డయానా'ను యుద్ధమునకు కొనవలసినదని సూచించెను. ఎనుబదివేల రూపాయలకు కుంపిణీ దానిని కొన్నది. ఫిరంగులతోపాటు కాంగ్రీవు బాణములను గూడ అందు అమర్చిరి.

1824 మే 11వ తేదీన రంగూను వశమైనది. కాని నగరమున జనము లేరు, పశువులు లేవు, కూరగాయలు లేవు. అంతలో వానలు పట్టుకొన్నవి. ఐరావతి పొంగి ప్రవహించుచుండగా తెరచాపల ఓడలు ఎదురేగలేక నిలిచిపోయినవి. అట్టి ఓడలను, సైనికుల పడవలను వెనుక కట్టుకొని ఎదురీదినది 'డయానా'యే. బర్మావారి యుద్ధపడవలు మిక్కిలి వేగము గలవి. ఒక్కొకదానియందు ఏబది అరువదిమంది తెడ్లువేయుచుందురు. 'డయానా' వానిని వెంటాడెను. మనుష్యుల భుజములు అలసినవి, యంత్రము అలయలేదు. 1825 ఏప్రిల్ 1వ తేదీన దనుబ్యూ కోటలో బర్మా సేనాని మహాబందూల మరణించెను. 1826 ఫిబ్రవరి 24వ తేదీన యాందబోలో సంధి జరిగినది.

ఆంగ్లేయులు వ్రాసిన చరిత్రలలో ఈ ఓడకు లభించిన ప్రశంస ఇంతంత కాదు. ఓడ గొప్పదే, కాదనను. కాని రంగూనుకు పోయిన దేశీయ సైన్యములో అధికభాగము మద్రాసు సిపాయిలు. వారిలో మన తెలుగువారు అనేకులుండిరి. సిపాయికి 'తెలంగా' యను పేరే ఈ వంగదేశమున వాడుకలో నుండెడిది. అదే 1824 నవంబరు 2వ తేదీన బారక్‌పూరులో, సముద్రయానభయము, సామాను మోయు ఎడ్లను సొంతఖర్చుతో సమకూర్చుకొనవలసిన బాధ కారణములుగా కదలమన్న బంగాళా సిపాయిలపై ఫిరంగులు ప్రేల్చిరి. మనవారు సముద్రము దాటి పోయిరి. పోయి, తూటాలకన్న విరేచనములకు, జ్వరములకు ఎక్కువగా బలియైరి. ఆ యుద్ధమునకు పోయిన నలుబదివేలమందిలో పదునైదువేలమంది మరణించిరని అంచనా. 'డయానా' యంత్రబలము, వెల, జలప్రవేశదినము మనకు తెలియును. ఆ సిపాయిల ఊళ్లేవో, ఇంటిపేర్లేవో ఎవరు వ్రాసిపెట్టిరి?

సంధి పిమ్మట, 1826 సెప్టెంబరులో, కంపెనీ రాయబారి క్రాఫర్డును ఇదే ఓడ ఆవా రాజధానికి కొనిపోయెను. 1835లో దానిని విప్పివేసిరి. యంత్రములను మాత్రము పారవేయక అదే పేరుగల క్రొత్త ఓడలో బిగించిరి. ఈ రెండవ 'డయానా' మలయా సముద్రమున దొంగలపైకి పోయినపుడు జరిగిన ముచ్చట వినదగినది. పొగను చూచి, ఏదో తెరచాపల ఓడ తగులబడుచున్నదని తలచి, దోచుకొనుటకై దొంగలే ఎదురువచ్చిరట! గాలికి ఎదురుగా అది తమపైకి వచ్చుచుండుట చూచునప్పటికి పాఱిపోవుటకు వేళ మించినది.

రంగూను 1852లో మరల ఆంగ్లేయుల వశమై వారి చేతనే నిలిచిపోయినది. అటుపై కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి పొగయోడలలో మనవారు వేలకువేలుగా ఓడరేవు పనులకు, ధాన్యపు మిల్లులకు అచటికి పోయిరి. ఏ ఊరివాడైనను తెలుగువానిని అచట 'కోరంగి' యనిరి. తెరచాపల ఓడలు కట్టుటలో పేరుగన్న ఆ కోరంగి రేవు మాత్రము 1839 నవంబరు 25వ తేదీ ఉప్పెనలో మునిగిపోయి, మరల తేరుకొనలేదు.