మనోవర్తి గింజలు

సంక్రాంతికి ముందు కుప్పనూర్పిళ్ళు అయ్యి ధాన్యం ఇళ్ళకు చేరే రోజుల్లో, మా పుట్టింటి వెనక వసారాలో ఓ మూల పది బస్తాలు విడిగా వేసేవారట. ఏ పిల్లవాడైనా వాటిమీదకెక్కి ఆడబోతే "ఒరేయ్, అవి పెద్దమామ్మ మనోవర్తి గింజలు, దిగు" అని కసిరేవారట పెద్దవాళ్ళు. మా నాన్నగారు చెప్పిన ముచ్చట ఇది. ఆ పెద్దమామ్మ మా తాతగారి పెద్దన్నగారి భార్య. పదహారో ఏటనే భర్త పోయాడు. పిల్లలు లేరు. ఆ తరవాత అరవై ఏళ్ళు ఆ పది బస్తాల మీదే బతికింది. బస్తాలు దింపగానే, కొలిచిన మనిషి ఎదటే తన సొంత కుంచం తెచ్చి మళ్ళీ కొలిపించేదట. మరిది తక్కువ కొలిపిస్తాడని కాదు. "నా గింజలు నేను చూసుకోవాలి గదా" అనేదట.

మా ఊరు పేరు నగరం. రేపల్లెకు దగ్గర. పెళ్ళై తెనాలి వచ్చిన కొత్తలో ఎవరైనా "మీదే ఊరమ్మా?" అంటే "నగరం" అనేదాన్ని. "ఏ నగరం, హైదరాబాదా?" అని అడిగేవారు. కాదండీ, వరిచేల మధ్య పల్లె అని చెప్పేసరికి వాళ్ళకూ నవ్వు, నాకూ నవ్వు. సరే, ఊరి సంగతి అలా ఉంచండి. రేడియోలో మాట్లాడమని పిలిచినప్పుడు ఏం చెప్పాలా అని ఆలోచిస్తే నాకు ఆ పది బస్తాలే కళ్ళముందు నిలిచాయి. మనోవర్తి అంటే ఇప్పుడు మనకు విడాకుల కేసులే గుర్తొస్తాయి. మన ముత్తవ్వల కాలంలో ఆ మాటకు అర్థం వేరు. పెద్దతనంలో ఆడదాని అన్నం గిన్నె అది.

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని, ప్లీడర్ని కాను. తెలుసుకున్నంత మట్టుకు చెబుతాను, వినండి.

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టింది 1855 నాటికి. ఆ నీళ్ళు కాలువల వెంట తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు వచ్చాక మన మెట్టచేలు మాగాణి అయ్యాయి. నేలకు విలువ పెరిగింది. విలువ పెరిగిన చోట, అది ఎవరిది అన్న మాట కూడా గట్టిపడుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఆస్తి మగవాళ్ళది. అన్నదమ్ములు పంచుకోకుండా ఉండగా వాళ్ళలో ఒకడు పోతే, అతని భాగం మిగిలిన అన్నదమ్ములకు చేరిపోయేది. అతని భార్యకు చేరేది కాదు. ఆవిడకు దక్కేది కూడూ గుడ్డా, ఉండటానికో వసారా. దానికే మనోవర్తి అని పేరు. మంచి ఇంట్లో పడితే మహాలక్ష్మిలా చూసేవారు. కాని ఇంట్లో పడితే నూతి దగ్గర అంట్లు తోముతూ రోజులు గడిచేవి. రెండిళ్ళలోనూ న్యాయం ఒకటే, మనుషులే వేరు.

1937లో ఒక చట్టం వచ్చింది. దేశ్‌ముఖ్ గారని ఒకాయన పట్టుబట్టి తెచ్చారు. భర్త పోతే ఆయన భాగం భార్యకు వస్తుంది, అయితే బతికినన్నాళ్ళు అనుభవించాలే గాని అమ్మకూడదు, దానం చెయ్యకూడదు. ఆ మాత్రమైనా మేలే అనుకున్నారు. అంతలో 1941లో ఫెడరల్ కోర్టు, రాష్ట్రాల్లోని వ్యవసాయ భూములకు ఈ చట్టం వర్తించదు అని చెప్పింది. మన డెల్టాలో ఆస్తి అంటేనే పొలం కదా! ఇల్లూ, నాలుగు ఇత్తడి బిందెలూ తప్ప ఇంకేముంటుంది? వరిచేను వదిలేసి బిందెల్లో వాటా ఇచ్చినట్టయింది. మళ్ళీ 1947లో మద్రాసు ప్రభుత్వం వేరే చట్టం చేస్తే గాని అది పొలాలకు అంటలేదు. పైగా ఒక మెలిక. 1937కు ముందే భర్త పోయినవాళ్ళకు ఇవేవీ లేవు. మా పెద్దమామ్మ వంటివాళ్ళంతా పాత లెక్కలోనే ఉండిపోయారు.

అలా ఉండిపోయినావిడే నెల్లూరు జిల్లా తులసమ్మగారు. ఈవిడ కథ మనందరం తెలుసుకోవాలి. భర్త వెంకటసుబ్బారెడ్డిగారు 1931లో పోయారు. ఆస్తి ఆయన సవతి సోదరుడు శేషారెడ్డిగారితో ఉమ్మడిగా ఉంది. 1944లో తులసమ్మగారు నెల్లూరు మునసబు కోర్టులో మనోవర్తి కోసం అర్జీ పెట్టుకుంది. ఎలా పెట్టుకుందనుకున్నారు? కోర్టు ఫీజు కట్టుకోలేని పేదరాలిగా! ఉమ్మడి ఆస్తి ఉన్న ఇంటి కోడలు, ఫీజుకు డబ్బు లేదని దరఖాస్తు రాసుకుని కోర్టు మెట్లెక్కిందన్నమాట. 1946లో డిక్రీ వచ్చింది. దాన్ని అమలు పరిచే దశలో, 1949 జూలైలో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆవిడ చేతికిచ్చారు. బతికినన్నాళ్ళు అనుభవించు, అమ్మే హక్కు మాత్రం లేదు అని షరతు.

ఆ తరవాత ఏడేళ్ళకు, 1956 జూన్‌లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అది ఊరికే రాలేదు. అంబేడ్కర్‌గారు హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగలేదన్న బాధతో 1951లో మంత్రిపదవి వదులుకున్న సంగతి మీరు వినే ఉంటారు. ఆ బిల్లే ముక్కలు ముక్కలుగా తరవాత వచ్చింది. 1956 చట్టంలో పద్నాలుగో సెక్షన్ అని ఒకటుంది. ఆడదాని స్వాధీనంలో ఉన్న ఆస్తి, అంతకుముందు వచ్చినదైనా తరవాత వచ్చినదైనా, ఆవిడకు పూర్తి హక్కుగా ఉంటుంది. కాని దాని కిందే ఇంకో ముక్క ఉంది. విల్లులోనో దానపత్రంలోనో కోర్టు డిక్రీలోనో "ఇంతవరకే హక్కు" అని రాసి ఇస్తే, అంతవరకే.

తులసమ్మగారు 1960లో కొంత పొలం కౌలుకిచ్చింది. 1961లో కొంత అమ్మింది. శేషారెడ్డిగారు వెంటనే దావా వేశారు, రాజీలో షరతుంది గదా అని. మునసబు కోర్టులో ఆయన గెలిచారు. జిల్లా కోర్టులో ఈవిడ గెలిచింది. 1967లో హైకోర్టులో మళ్ళీ ఆయనే గెలిచారు. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తులు, భగవతి, గుప్తా, ఫజల్ అలీ గార్లు, తీర్పు చెప్పారు. వాళ్ళన్నది నాకు అర్థమైనట్టు చెబుతాను. మనోవర్తి అనేది ఎవరో దయతలిచి పడేసే ముష్టి కాదు. భర్త ఆస్తి మీద భార్యకు ముందునుంచీ ఉన్న హక్కు. ఆ హక్కు కిందనే ఈ పొలం ఆవిడకిచ్చారు గనక, రాజీ కాగితంలో ఏ షరతు రాసుకున్నా, 1956 నాటికి ఆవిడ స్వాధీనంలో ఉంది గనక, ఆ పొలం పూర్తిగా ఆవిడదే.

అర్జీ పెట్టింది 1944లో, తీర్పు 1977లో. ముప్పైమూడేళ్ళు! మనం రేషను షాపు క్యూలో గంట నిలబడితే విసుక్కుంటాం.

ఇప్పుడు మా పెద్దమామ్మ దగ్గరికి వస్తాను. 1956 చట్టం వచ్చేనాటికి ఆవిడా బతికే ఉంది. మరి ఆవిడకేం వచ్చింది? ఏమీ రాలేదు. తులసమ్మగారి చేతిలో నేల ఉంది, మా మామ్మ చేతిలో గింజలే ఉన్నాయి. నేల ఉన్నావిడకు చట్టం హక్కు ఇచ్చింది. గింజలు ఏ ఏటికాయేడు వండుకు తినేస్తే అయిపోతాయి. మా వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఒక్క ఏడు కూడా తప్పకుండా పది బస్తాలూ కొలిచారు. ఒక్క సెంటు మాత్రం ఆవిడ పేర రాయలేదు. ఆవిడ పోయిన ఏడు మూడు బస్తాలు మిగిలాయట. వాటినే పెద్దకర్మ భోజనాలకు వండారు. ఈ మాట చెబుతూ నాన్నగారు కాసేపు ఆగిపోయారు.

మన కాలానికి వద్దాం. ఇప్పుడు భర్త పోతే ఆయన ఆస్తిలో భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ, బతికుంటే ఆయన తల్లికీ సమానంగా వాటా ఉంది. తల్లికి వాటా ఉందన్న సంగతి చాలామంది కోడళ్ళకు తెలియదు, తెలిసినా గుర్తుండదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు మన రాష్ట్రంలో దేశం కంటే ముందే, 1985 సెప్టెంబరు నుంచి వచ్చింది, రామారావుగారి ప్రభుత్వం చేసిన చట్టంతో. అయితే అప్పటికి పెళ్ళి కాని పిల్లలకే. దేశమంతటికీ, పెళ్ళైనవాళ్ళకు కూడా, 2005లో వచ్చింది. పసుపు కుంకాల కింద ఇచ్చిన ఎకరంతో సరిపెట్టుకున్న మేనత్తలు ఇప్పుడు ఆ లెక్కలు తీసి చూసుకుంటున్నారు. దాంతో అన్నాచెల్లెళ్ళ మధ్య రాఖీలు తగ్గిన ఇళ్ళూ నేనెరుగుదును. ఎవరిని తప్పు పట్టాలో నాకైతే తోచదు.

అసలు చిక్కు ఆస్తి పంచేశాక వస్తుంది. 1972లో వచ్చిన 'బడిపంతులు' సినిమా మా అమ్మావాళ్ళు పదేపదే తలుచుకునేవారు. రిటైరైన పంతులుగారిని ఒక కొడుకూ, ఆయన భార్యను ఇంకో కొడుకూ పంచుకుంటారు. ఎన్టీఆర్, అంజలీదేవి. హాలంతా ముక్కులు చీదుకున్నారట. సినిమా చూసి ఏడ్చినవాళ్ళే తరవాత ఇళ్ళల్లో వంతులు వేసుకున్నారు. ఆర్నెల్లు పెద్దాడి దగ్గర, ఆర్నెల్లు చిన్నాడి దగ్గర. అధికమాసం వస్తే ఆ నెల ఎవరిది అని పేచీ. నవ్వకండి, మా వీధిలో నిజంగా జరిగింది.

తల్లిదండ్రులు భరణం అడిగే దారి 1974 ఏప్రిల్ నుంచి క్రిమినల్ చట్టంలో ఉంది. అప్పట్లో నెలకు ఐదువందలకు మించకూడదనేవారు. ఆ హద్దు 2001లో తీసేశారు. పెళ్ళైన కూతురు కూడా తండ్రిని చూడాలని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటా అడిగే మనం ఇది కూడా వినాలి మరి. 2007లో పెద్దవాళ్ళ కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది. ఆర్డీవోగారి దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, ప్లీడరు అక్కర్లేదు, నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. అందులోనే ఇంకో మంచి ముక్క ఉంది. పిల్లల పేర ఆస్తి రాసేటప్పుడు "నన్ను చూసుకోవాలి" అన్న షరతు మీద రాస్తే, వాళ్ళు చూడకపోతే ఆ పత్రం రద్దు చేయించుకోవచ్చు. షరతు దస్తావేజులో రాసి ఉంటే మేలు, నోటిమాట మీద నిలబెట్టడం కష్టం. ఇక "నా భార్య జీవితాంతం అనుభవించి, తదనంతరం నా కుమారులకు" అని విల్లు రాసే అలవాటు మనవైపు చాలా ఉంది. అలాంటి రాతలో భార్యకు పూర్తి హక్కా, సగం హక్కా అన్న తగువు తులసమ్మగారితోనే తీరలేదు. 2024 డిసెంబరులో కూడా సుప్రీంకోర్టు, ఇది ఇంకా పెద్ద ధర్మాసనం తేల్చాలి అని పంపింది.

మా అత్తగారికి డెబ్బైరెండేళ్ళు. పుట్టింటివాళ్ళు ఇచ్చిన ముప్పై సెంట్లు ఆవిడ పేర ఉంది. కిందటేడు దాన్ని ఇద్దరు కొడుకులకూ కూతురికీ రాసేస్తానంది. నాకు మా పెద్దమామ్మ కథ గుర్తొచ్చి, చెప్పాలా వద్దా అని రెండు రోజులు నలిగాను. కోడలు చెబితే ఇంకో అర్థం వస్తుందేమోనని భయం. చివరికి పప్పు రుబ్బుతూ చెప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు దస్తావేజు రాసేవాడి దగ్గరికి నన్నే వెంట తీసుకెళ్ళింది. షరతు రాయించింది. మూడుసార్లు చదివించుకుంది. సంతకం పెట్టబోతూ కలం ఆపి అతన్ని అడిగింది:

"బాబూ, కూడూ గుడ్డా అని రాశావు బాగానే ఉంది. ఆ వీధి గదిలో, కిటికీ పక్కన నా మంచం ఉంటుంది. అది కూడా రాయి."

రాశాడు.