జకాత్: పూట గడపడానికా, పేదరికం దాటడానికా?
అప్పులు పోను నిసాబ్ మేరకు సొమ్ము చాంద్రమాన ఏడాది నిలిస్తే, అందులో 2.5 శాతం జకాత్ ఇవ్వాలి. అంటే లక్షకు 2,500 రూపాయలు. రంజాన్‌లో గుమ్మం ముందుకొచ్చిన వాళ్లకు యాభై, వంద చొప్పున పంచితే ఆ పూట గడుస్తుంది, అంతే. అదే పది ఇళ్లవాళ్లు లక్షకు లెక్కకట్టి బైతుల్‌మాల్‌లో వేస్తే 25,000 అవుతుంది. కుట్టు మిషనో, తోపుడు బండో కొనివ్వొచ్చు. వెల్దుర్తి లాంటి మిర్చి, పత్తి ఊళ్లలో పొలం పనులు లేని నెలల్లో ఇంటికి అదే ఆధారం.

ఇలా జమచేసి ఖర్చు పెట్టడం కొత్తేం కాదు. 1992లో మొదలైన హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ పేద పిల్లల చదువుకు సాయం చేస్తోంది. ఖురాన్ (9:60) చెప్పిన ఎనిమిది వర్గాల హక్కుదారుల్లో అప్పులపాలైనవాళ్లూ ఉన్నారు. ఈ ఏడాది తీసుకున్న ఇల్లు, నాలుగేళ్లకు ఇచ్చే ఇల్లు కావాలి. జకాత్ పంచేటప్పుడు చూడాల్సింది అదే.