మదరాసు స్టూడియో ఫ్లోరు: పాటల చిత్రీకరణమున తెలుగువారి శ్రమ

చలనచిత్రగీతముల చరిత్ర వ్రాయువారు కవిని, స్వరకర్తను, గాయనీగాయకులను తప్పక స్మరింతురు. నటీనటుల పేర్లు జనుల నోళ్ళలో నానుచునే యున్నవి. కాని పాట తెరపై రూపు దాల్చుటకు ముందు దానికొక నేల సిద్ధము కావలెను. ఎత్తైన గోడలు, గట్టి తలుపులు గల విశాలమైన చిత్రీకరణశాలను, దాని నేలను కూడ స్టూడియోవారు ఫ్లోరు అనియే పిలుతురు. ఆ ఫ్లోరును ఊడ్చి, చదును చేసి, రంగు వేసి, దీపములు కట్టి, గుర్తులు పెట్టిన వారి ప్రసక్తి మన గ్రంథములలో అరుదు. మదరాసున తెలుగువారు స్థిరపడిన విధమును తెలిసికొనగోరువారు ఆ నేలను కూడ పరిశీలింపవలసియున్నది. ఏలయన కోడంబాక్కము, వడపళని, సాలిగ్రామము ప్రాంతములలో అనేక తెలుగు కుటుంబములకు అన్నము పెట్టినది ఆ నేలయే.

తెలుగు టాకీ మదరాసున పుట్టలేదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున 1932లో విడుదలయైన ‘భక్తప్రహ్లాద’ బొంబాయిలో తయారయ్యెను. తొలి సంవత్సరములలో మన నటులును, వాద్యగాండ్రును మూటాముల్లె సర్దుకొని బొంబాయికి, కలకత్తాకు, కొల్హాపురమునకు పోవలసివచ్చెడిది. 1934లో మదరాసున శబ్దచిత్రములు తీయుటకు వీలగు స్టూడియోలు వెలసినవి. ఎ. నారాయణన్ స్థాపించిన శ్రీనివాస సినీటోను వానిలో మొదటిది. వేల్ పిక్చర్సువారి ‘సీతాకల్యాణము’ ఆ సంవత్సరమందే వెలువడెను. 1936 నాటికి రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను నెలకొన్నను, తెలుగు చిత్రపరిశ్రమకు మదరాసే కేంద్రమయ్యెను. పరికరములు, ప్రయోగశాలలు, పెట్టుబడి, పనివారు ఒక్కచోట లభించుట ఇందులకు కారణము.

ఆ తొలినాళ్ళలో పాటకు ఫ్లోరును సిద్ధము చేయుట యనగా నిశ్శబ్దమును సిద్ధము చేయుటయే. నటులు కెమెరా ఎదుటనే పాడవలెను. హార్మోనియము, తబలా, ఫిడేలు వాయించువారు తెరకెక్కకుండ స్తంభముల చాటునను, చెట్ల చాటునను కూర్చుండి వాయించెడివారు. పాట, వాద్యము, చిత్రము ఏకకాలమున ముద్రితము కావలెను. అందుచే నేలపై చాపలు, తివాచీలు పరచి అడుగుల చప్పుడు అణచెడివారు. పంకాలు ఆపివేసెడివారు. కెమెరా మ్రోత వినబడకుండ దానిని మందపాటి తొడుగులో నుంచెడివారు. బయట ఒక కాకి కూసినను ఆ ముక్క పనికిరాకపోయెడిది. మైకునకు దూరముగ పోయినచో స్వరము తగ్గును. కనుక నటుడు పాడుచు నడయాడుటకు వీలు లేదు. నాటి చిత్రములలో పాత్రలు పాట పాడునప్పుడు కదలక నిలుచుటకు నాటకపు అలవాటు కొంత కారణమైనను, ఫ్లోరు విధించిన కట్టడి అంతకంటె బలీయమైనది.

ఈ కట్టడిని తొలగించినది నేపథ్యగానము. 1935లో కలకత్తా న్యూ థియేటర్సువారు ‘ధూప్ ఛావోఁ’ అను హిందీ చిత్రమున పాటను ముందుగ ముద్రించి, దాని ననుసరించి చిత్రము తీయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. తెలుగున 1944 నాటి ‘తాసిల్దారు’ చిత్రమునకు ఎం.ఎస్. రామారావు నేపథ్యమున పాడెను. క్రమముగ ఈ పద్ధతి స్థిరపడెను. అంతవరకు నిశ్శబ్దమును కోరిన ఫ్లోరు ఇప్పుడు లౌడుస్పీకరునకు చోటిచ్చెను. మైకు తొలగిపోవుటచే నర్తకి ఫ్లోరంతయు తిరుగవచ్చును. ఆమె వెంట కెమెరాయు తిరుగవచ్చును. కావున నేల నునుపుగ, సమముగ, దృఢముగ ఉండవలసిన అవసరము ఏర్పడెను. ఫ్లోరు పని యొక ప్రత్యేకమైన నేర్పుగ రూపొందినది ఈ దశయందే.

ఈ దశకును తెలుగువారి స్టూడియోల అభివృద్ధికిని కాలము సరిపోయెను. రాయలసీమకు చెందిన బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి ప్రభృతుల పూనికతో వాహినీ సంస్థ ఏర్పడి, 1939లో ‘వందేమాతరం’ చిత్రమును విడుదల చేసెను. 1940 తరువాతి దశాబ్దాంతమున వడపళనిలో వాహినీ స్టూడియో పని ప్రారంభించెను. బి. నాగిరెడ్డి నిర్వహణమున అదియే విజయా-వాహినిగ విస్తరిల్లెను. భానుమతీ రామకృష్ణులు సాలిగ్రామమున భరణీ స్టూడియోను నెలకొల్పిరి. మీర్జాపురము రాజావారి శోభనాచల స్టూడియో మదరాసుననే యుండెను. కళాదర్శకులుగ మాధవపెద్ది గోఖలే, కళాధర్, నృత్యదర్శకులుగ వేదాంతం రాఘవయ్య, పసుమర్తి కృష్ణమూర్తి ప్రసిద్ధులైరి. కూచిపూడి అగ్రహారమునుండి చలనచిత్రములకై వచ్చినవారు మదరాసున నిలద్రొక్కుకొనుటచే ఆ నాట్యమునకును నగరమున పునాది ఏర్పడెను. వెంపటి చినసత్యం 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించుట ఈ చరిత్రలో భాగమే.

ఇక ఫ్లోరును సిద్ధము చేయు క్రమము పరిశీలింపదగినది. ముందుగ పాత సెట్టు విప్పి, మేకులు ఏరి, నేల ఊడ్తురు. ఒక్క మేకు మిగిలినను నర్తకి పాదమునకు ప్రమాదము. వడ్రంగులు కొయ్యచట్రములు నిలిపి, వానిపై గుడ్డయు కాగితమును అంటింతురు. అచ్చు పనివారు ప్లాస్టరుతో స్తంభములు, శిల్పములు పోతపోయుదురు. తరువాత రంగులవారు నేలకు దిగుదురు. రాజసభ కావలెనన్నచో సిమెంటు నేలపై నలుపు తెలుపు గళ్ళు దిద్ది, వార్నిషు పూసి చలువరాతి భ్రాంతి కల్పింతురు. ఇందొక చిక్కు కలదు. నేల మెరసినకొలది చిత్రము అందగించును. కాని మెరపు మితిమీరినచో దీపముల ప్రతిబింబములు కెమెరాలో పడును, నర్తకి పాదము జారును. ఛాయాగ్రాహకుడు కోరు మెరపునకును, నృత్యదర్శకుడు కోరు పట్టునకును మధ్య సమరసము కుదుర్చుటయే రంగులవాని నేర్పు.

తరువాత కెమెరా బండికి పట్టాలు పరతురు. ఎక్కడ పల్లమున్నను చిత్రము కుదుపునకు లోనగును. అందుచే పట్టాల క్రింద పలుచని చెక్కముక్కలు దోపి, బండిని పలుమారులు నడిపి చూతురు. పైకప్పు దిగువ కట్టిన పలకలపై దీపములవారు ఎక్కి కూర్చుందురు. ఆ దీపముల వేడిమిలో గంటల తరబడి కదలకుండుట సామాన్యము కాదు. మార్కస్ బార్ట్లే చిత్రించిన వెన్నెలను ప్రేక్షకులు నేటికిని మెచ్చుకొందురు. ఆ వెన్నెలను చెప్పినచోట చెప్పినంత పడునట్లు పట్టి నిలిపినవారు పలకల మీది ఆ పనివారే.

చివరకు సుద్దముక్కతో నేలపై గుర్తులు పెట్టుదురు. నాయిక ఎచ్చట నిలువవలెనో, ఏ చరణమునకు ఎచ్చటికి రావలెనో ఆ గుర్తులు చెప్పును. కెమెరా సహాయకుడు కటకమునుండి ప్రతి గుర్తునకు టేపుతో దూరము కొలిచి వ్రాసికొనును. పాటను ముక్కలుగ విభజించి, ఒక్కొక్క ముక్కను లౌడుస్పీకరుపై వినిపించుచు చిత్రింతురు. కెమెరా సెకండునకు 24 చిత్రముల వేగమున నడచును. నర్తకి మెల్లగ తేలియాడునట్లు కనబడవలెనన్నచో కెమెరాను 48 చిత్రముల వేగమున నడిపి, పాటను రెట్టింపు వేగమున వినిపింతురు. ఆ వేగముతో ఆడిన ఆట తెరపై పెదవుల కదలికతో సరిపడి, గాలిలో తేలినట్లుండును. ప్రతి టేకు తరువాత అడుగుల జాడలు తుడిచి నేలను మరల ఆరబెట్టవలెను.

ఇంత జాగ్రత్తకు ఆర్థికకారణము కూడ కలదు. 35 మిల్లీమీటర్ల ఫిలిము నిమిషమునకు 90 అడుగులు ఖర్చగును. మూడు నిమిషముల పాటకు ఒక్క తప్పు లేకున్నను 270 అడుగులు కావలెను. యుద్ధకాలమున, 1942లో, ప్రభుత్వము చిత్రముల నిడివిని 11,000 అడుగులకు పరిమితము చేసెను. యుద్ధానంతరము కూడ ముడిఫిలిము విదేశములనుండి రావలసినదే. ఫ్లోరున ఒక మచ్చ మిగిలినను, పట్టా కదలినను నష్టపోవునది నిర్మాత ధనము, బాధ్యత మోయునది పనివాడు.

‘మాయాబజార్’ (1957) చిత్రము ఈ పనివారి సామర్థ్యమునకు చక్కని తార్కాణము. ద్వారకానగరమును చూపుటకు గోఖలే, కళాధరులు వాహినిలో 50 అడుగులకు 60 అడుగుల చోట 300కు పైగ చిన్న ఇండ్లు కట్టించి, ఇంటింట దీపము వెలుగునట్లు చేసిరి. ఒక నగరమును ఒక గది వైశాల్యమునకు కుదించి, వెలుతురుతో దానిని మరల నగరముగ చూపుట ఫ్లోరు నేర్చిన విద్య.

మదరాసు ఫ్లోరునకు మరియొక విశేషము కలదు. అది రెండు భాషల నేల. 1955లో ‘మిస్సమ్మ’ తెలుగున ఎన్.టి. రామారావుతోను, తమిళమున జెమినీ గణేశన్‌తోను తయారయ్యెను. సావిత్రి రెండింటను నటించెను. ‘మాయాబజార్’ కూడ రెండు భాషలలో తీసినదే. ఇట్టి చిత్రములకు ఒకే కథను రెండు భాషలలో వేరువేరుగ చిత్రింపవలెను. పనివారిలో తెలుగువారును తమిళులును కలిసియుండుటచే ఒకరి మాట ఒకరికి అలవడెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి మదరాసు మనకు దక్కకపోయినను, తెలుగు చిత్రములు ఆ నగరమున చిరకాలము తయారగుటకు ఈ పొత్తు ఒక ముఖ్యకారణము. నగరము ఎవరిదను వాదము సభలలో సాగినదే కాని, ఫ్లోరుపై పని ఆగలేదు.

1963లో విడుదలయైన ‘లవకుశ’ తెలుగున తొలి పూర్తి వర్ణచిత్రము. రంగుల రాకతో ఫ్లోరు మరల మారెను. నలుపు తెలుపు చిత్రమున రెండు వేరు రంగులు ఒకే బూడిదచాయగ కనబడవచ్చును, చిన్న లోపము దాగవచ్చును. వర్ణచిత్రమున అట్టి మరుగు లేదు. దీపములు పెరిగెను, వేడిమి పెరిగెను. రంగులవాని పనిలో పొరపాటునకు చోటు తగ్గెను.

ఇంతలో పరిశ్రమ క్రమముగ తెలుగునేలకు తరలసాగెను. 1956లో హైదరాబాదున సారథీ స్టూడియోయు, 1976లో అన్నపూర్ణా స్టూడియోయు, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీయు వెలసినవి. ఆంధ్రదేశమున ఇది హర్షింపదగిన పరిణామము. కాని నిర్మాత, నటుడు తరలిపోయినంత సులభముగ దీపములవాడు, వడ్రంగి తరలిపోలేరు. మదరాసున ఇల్లు కట్టుకొని, పిల్లలను బడిలో వేసికొని, ఇరుగుపొరుగులతో వియ్యమందినవారు అచ్చటనే నిలిచిరి. వాహినీ స్థలమున నేడు ఆసుపత్రి, పెద్ద వాణిజ్యభవనము నిలిచియున్నవి. జెమినీ పేరు జనుల వాడుకలో ఒక వంతెనకు మిగిలినది. ఫ్లోర్లు పోయినను ఫ్లోరువారి సంతతి చెన్నపట్టణమున నున్నది.

నేడు చలనచిత్రముతో సంబంధము లేని పాటల వీడియోలు కూడ స్టూడియోలలో తయారగుచున్నవి. దీపముల వేడి తగ్గినది, ఫిలిము ఖర్చు తొలగినది. అయినను నేలకు రంగు వేయుట, అడుగుజాడలు తుడుచుట, నిలువవలసినచోట గుర్తు పెట్టుట, ముందుగ ముద్రించిన పాటను వినిపించుచు తీయుట మారలేదు. ఈ పద్ధతికి తెలుగున ఒరవడి దిద్దినవారి పేర్లు మాత్రము చిత్రముల ఆరంభమున వేసిన పట్టికలలో సామాన్యముగ కానరావు. సంస్థల ఖాతాలు చెదరిపోయినవి. మిగిలినవి వృద్ధుల జ్ఞాపకములు, వారి యిండ్లలోని పాత ఛాయాచిత్రములు. కొబ్బరికాయ కొట్టిన దినమునుండి గుమ్మడికాయ కొట్టు దినమువరకు వారు వాడిన పనిముట్ల పేర్లు, తెలుగు తమిళములు కలిసిన వారి పనిమాటలు ఇంతవరకు ఏ నిఘంటువునకు ఎక్కలేదు. మనుమలు ఆ మాటలను ఎరుగరు. తెలుగు సంఘములు పూనుకొని ఆ వృద్ధుల వాఙ్మూలములను, పేర్లను సేకరించుట కర్తవ్యము. ఆ వృద్ధులు జీవించియుండగనే ఈ పని జరుగవలెను.