నాస్తికత్వం: ఒక నిర్వచనం నడిచిన దారి

ప్రాచీన సంస్కృత వాఙ్మయంలో నాస్తికుడంటే దేవుణ్ణి కాదన్నవాడనే స్థిరమైన అర్థం లేదు. పాణిని సూత్రానికి వ్యాఖ్యానం రాసినవారు ఆ పదాన్ని పరలోకం లేదనే బుద్ధికి ముడిపెట్టగా, మనుస్మృతి వేదాన్ని నిందించేవాడికి ఆ పేరు పెట్టింది. మనువు కొలతతో చూస్తే, సృష్టికర్తను ఒప్పుకోని పూర్వమీమాంసకులు వేదప్రామాణ్యాన్ని నిలబెట్టినందువల్ల ఆస్తికుల పంక్తిలోనే కూర్చున్నారు; బౌద్ధులు, జైనులు, ప్రత్యక్షం తప్ప వేరే ప్రమాణం లేదన్న లోకాయతులు బయట మిగిలారు. ఈశ్వరుణ్ణి మాత్రమే కాదనేవారిని వేరుగా చెప్పడానికి నిరీశ్వరవాదమనే మాట కావలసివచ్చింది.

ఎదుటివాడి మీద వేసే ఈ ముద్రను తెలుగునాట ఏరికోరి తన పేరుగా చేసుకున్నవాడు గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు (1902–1975). వృక్షశాస్త్ర అధ్యాపకుడైన ఆయన భార్య సరస్వతితో కలిసి 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నెలకొల్పిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. ఆస్తికత్వమంటే మనిషి తనను తాను మరో శక్తికి లోబడినవాడిగా భావించడమనీ, నాస్తికత్వమంటే తన స్వేచ్ఛనూ దానితోపాటు వచ్చే బాధ్యతనూ గుర్తించడమనీ ఆయన నిర్వచించాడు. ఈ లెక్కన దేవుడు లేడన్న వాదన వెనక్కి జరిగి, అస్పృశ్యతా నిర్మూలన, సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు నాస్తికత్వానికి అసలు పరీక్షలయ్యాయి. తర్కశాస్త్రం దృష్టిలో ఇది నిర్వచనం కన్నా కార్యక్రమానికే దగ్గర; దాని బలం కూడా అక్కడే ఉంది.

అందరూ ఆ పేరే ఎంచుకోలేదు. రావిపూడి వెంకటాద్రి (1922–2023) హేతువాదమన్నాడు, అంటే నిర్ణయం కన్నా నిర్ణయానికి చేరే పద్ధతిని ముందు పెట్టాడు. మార్క్సిజంలోనైతే, పదార్థమే మూలమనే భౌతికవాదంలో దేవుడి ప్రశ్న ఒక ఉపప్రకరణం మాత్రమే.

పదాల ఈ తగవు 1948లో ఒక పెళ్లి దాకా వచ్చింది. గోరా కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో సేవాగ్రామంలో వివాహం జరిపించడానికి అంగీకరించిన గాంధీ, ప్రమాణవాక్యంలో దేవుడి స్థానంలో సత్యమని ఉంచడానికీ ఒప్పుకున్నాడు. ఆయన హత్య తర్వాత, మార్చిలో, పెళ్లి అక్కడే జరిగింది. అయితే సత్యమే దేవుడని 1931 నాటికే ప్రకటించిన గాంధీకి ఈ మార్పుతో సిద్ధాంతపరంగా పోయిందేమీ లేదు, గోరాకు మాత్రం ప్రమాణంలో దేవుడు లేకుండా పోయాడు.