ప్రమేయం ఇంటి ప్రహరీ



అడ్డువరుసలుగా, నిలువువరుసలుగా సంఖ్యలను పేర్చి చేసే మాత్రికల లెక్కలు ఇంటర్మీడియట్ గణితం చదివినవారికి తెలిసినవే. ఆ లెక్కల కోసమే పుట్టిన కంప్యూటర్ భాష మాట్‌ల్యాబ్.

1970ల చివర్లో అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయ ఆచార్యుడు క్లీవ్ మోలర్ దీన్ని తన విద్యార్థుల కోసం తయారుచేశారు. ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాసే శ్రమ లేకుండా వారు మాత్రికల లెక్కలు చేసుకోవాలని ఆయన ఉద్దేశం. అందులో ఉన్నవి 71 పదాలే. కొత్త ప్రమేయం, అంటే ఫంక్షన్, కావాలంటే మూల ప్రోగ్రామునే మార్చాలి. గురువు ఇచ్చినది వాడుకోవడమే తప్ప, శిష్యుడు తనదొకటి చేర్చే వీలు సులభంగా లేదు.

1984లో జాక్ లిటిల్, స్టీవ్ బాంగర్ట్ దీన్ని సి భాషలో తిరగరాశారు. మోలర్‌తో కలిసి లిటిల్ మాత్‌వర్క్స్ సంస్థను స్థాపించారు. ఇక ఎవరైనా తమ ప్రమేయాన్ని ఒక ఫైలులో రాసి భాషకు జోడించవచ్చు. మొదటి పంక్తిలో ఫలితం పేరు, ప్రమేయం పేరు, బ్రాకెట్లలో దానికి అందించే రాశుల పేర్లు రాస్తే చాలు.

అయితే పదిమంది రాస్తే పేర్లు కలవవా? ఉత్తర కర్ణాటకలో కన్నడం వారింట అవ్వ అంటే తల్లి. రాయలసీమ తెలుగింట నాయనమ్మ, అమ్మమ్మ. ఎవరింటి అర్థం వారిది. మాట్‌ల్యాబ్‌లోనూ అంతే. మీ దగ్గర ఎ అనే చలరాశి విలువ 5 అనుకోండి. మీరు పిలిచిన ప్రమేయం తన లోపలి ఎ విలువను 100 చేసుకున్నా, పని ముగిశాక మీ ఎ 5గానే ఉంటుంది. లోపలి ఎ అక్కడే అంతరిస్తుంది. బయటికి వచ్చేది ఫలితం ఒక్కటే.

స్క్రిప్టు అనే మరో రకం ఫైలుకు ఈ ప్రహరీ లేదు. అది మిమ్మల్ని అడగకుండానే మీ 5ను 100 చేసేస్తుంది. ఇక ఒక చలరాశిని ఉమ్మడిగా వాడుకోవాలంటే, గ్లోబల్ అని ఇరువైపులా ప్రకటించాలి.

జాన్ ఈటన్ ప్రారంభించిన ఆక్టేవ్ భాష తొలి పూర్తి రూపం 1994లో వెలువడింది. ఉచితంగా దొరికే ఆ భాషలోనూ ఇదే నియమం. ఎక్కడో ఎవరో రాసిన ప్రమేయాన్ని, దాని లోపలి పేర్లేవో తెలియకపోయినా, మన పిల్లలు నిశ్చింతగా పిలుచుకోగలగడం ఈ నియమం చలవే.